బ్రేకు వేసినా ఆగని రైలు

మామూలు బొమ్మ రైల్లో మనం నడిపేది రైలును కాదండీ, పట్టాలను. కంట్రోలరు మీద గుండీ తిప్పితే పట్టాల్లోకి 0 నుంచి 12 వోల్టుల దాకా కరెంటు వెళ్తుంది. ఎక్కువ తిప్పితే జోరు, తక్కువ తిప్పితే నిదానం, ప్లస్సు మైనస్సు తారుమారు చేస్తే వెనక్కి. పట్టాల మీద రెండు ఇంజన్లుంటే రెండూ ఒకేసారి కదులుతాయి, ఒకేసారి ఆగుతాయి. ఒకదాన్ని ఆపి ఇంకోదాన్ని నడపాలంటే పట్టాలను ముక్కలుగా విడగొట్టి, ముక్క ముక్కకీ ఒక స్విచ్చి పెట్టుకోవాలి. పొద్దున్నే వంటింట్లోంచి "లేవండీ" అని ఒక్క కేక వేస్తే, రాత్రి డ్యూటీ చేసి పడుకున్నవాళ్ళు కూడా లేచి కూర్చున్నట్టన్నమాట.

డిజిటల్ పద్ధతిలో అలా కాదు. పేరు పెట్టి పిలుస్తాం. దీన్ని డిజిటల్ కమాండ్ కంట్రోల్ అంటారు, పొట్టిగా డీసీసీ. పట్టాల్లో కరెంటు ఎప్పుడూ ఒకే స్థాయిలో ఉంటుంది, మా సైజు రైళ్ళకైతే దాదాపు 14 నుంచి 16 వోల్టులు. కాకపోతే దాని దిశ సెకనుకు వేల సార్లు అటూ ఇటూ మారుతూ ఉంటుంది. ఆ మార్పుల మధ్య ఎడంలోనే కబురంతా ఉంటుంది. 58 మైక్రోసెకన్ల పొట్టి ఎడమైతే ఒకటి, 100 అంతకు పైబడితే సున్నా. ఆ ఒకట్లూ సున్నాలూ కలిసి ఒక చీటీ అవుతాయి. చీటీలో ముందు ఇంజను నంబరు, తర్వాత చెయ్యాల్సిన పని, చివర అంతా సరిగ్గా అందిందో లేదో చూసుకునే లెక్క. ఇంజను కడుపులో గోరంత పలక ఒకటి ఉంటుంది, దాన్ని డీకోడర్ అంటారు. అన్ని ఇంజన్ల డీకోడర్లూ అన్ని చీటీలూ చదువుతాయి. ఎవరి నంబరు ఉంటే వారే కదులుతారు, మిగిలినవాళ్ళు నిలబడ్డచోటే దీపాలు వెలిగించుకుని నిలబడతారు.

జర్మనీలోని గీసెన్ ఊరి లెంజ్ సంస్థ 1980ల చివర్లో తయారుచేసిన పద్ధతి ఇది. 1990ల్లో అమెరికాలోని మోడల్ రైలు ప్రియుల సంఘం ఎన్ఎమ్ఆర్ఏ దీన్ని ప్రమాణంగా తీసుకుంది. అందుకే ఒక కంపెనీ కంట్రోలరుతో ఇంకో కంపెనీ డీకోడర్ నడుస్తుంది.

తెలుగు బీఏ చదువుకుని పప్పూ చారూ మధ్య బతికే దానికి ఇదంతా ఎందుకు తెలిసిందంటే, మా మావయ్యగారి వల్ల.

మేముండేది ఇంగ్లండులో డెర్బీ. ఇది రైళ్ళ ఊరే, ఇప్పటికీ ఇక్కడ రైలు పెట్టెలు తయారుచేసే కార్ఖానా ఉంది. మావాడికి ఎనిమిదేళ్ళప్పుడు ఒక పాత సామాన్ల సంతలో హార్న్‌బీ రైలు సెట్టు కొన్నాం. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు చెక్క మీద కోడిగుడ్డు ఆకారంలో పట్టాలు, రెండు ఇంజన్లు, నాలుగు డబ్బాలు. ఇక్కడి లెక్కలో ఇది ఓఓ సైజు. అంటే అసలు రైలులో 76వ వంతు, పట్టాల మధ్య దూరం పదహారున్నర మిల్లీమీటర్లు. వాడికిప్పుడు పద్నాలుగు. అత్తయ్యగారు పోయిన ఏడాదికి మావయ్యగారు ఆరు నెలల వీసా మీద మా దగ్గరికి వచ్చారు.

మావయ్యగారు విజయవాడలో ముప్పై ఏళ్ళకు పైగా రైలింజను డ్రైవరుగా చేశారు. మొదట అసిస్టెంటు, తర్వాత చాలా ఏళ్ళు గూడ్సు, చివర్లో పాసింజరు. ఎక్కువగా డీజిలే. మాటకారి కాదు. వచ్చిన మొదటి నెలంతా కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, వాన వస్తే వాననీ, రాకపోతే రోడ్డునీ చూసేవారు. మావాడి తెలుగు కొంచెం కుంటుతుంది, ఆయన ఇంగ్లీషు రైల్వే ఇంగ్లీషు. "తిన్నావా", "తిన్నాను" దగ్గర ఇద్దరి కబుర్లూ అయిపోయేవి. రైలు చూపిస్తే మాట్లాడతారేమోనని మావాడు ఆయన్ని పక్కగదిలోకి తీసుకెళ్ళి గుండీ తిప్పాడు. ఇంజను ఒక్క ఉదుటున ఉరికి, గుండీ వెనక్కి తిప్పగానే ఉన్నచోట కీలు విరిగినట్టు ఆగింది.

"ఇది బండి కాదురా, బల్లి" అన్నారాయన. అని మళ్ళీ కుర్చీలోకి వెళ్ళిపోయారు.

మావాడు చిన్నబుచ్చుకున్నాడు గానీ, ఆ మాట పట్టుకుని కూర్చున్నాడు. బల్లి బండి ఎలా అవుతుంది అని వెతికితే తేలింది డిజిటల్. మా వారు లెక్క అడిగారు. మొదలుపెట్టేవాళ్ళ సెట్టు కొత్తది కొనే స్తోమత లేదు, ఆ నెలలోనే బాయిలరు బాగుచేయించాం. వాడినదొకటి నూట ఇరవై పౌండ్లకు దొరికింది. డీకోడరు ఒక్కోటి పాతిక పౌండ్లు. "ఒక్క ఇంజనుకే పెట్టండి, నచ్చితే రెండోది చూద్దాం" అన్నారు మా వారు. మొదలుపెట్టేవాళ్ళెవరికైనా నేనూ అదే చెబుతాను. ఉన్న ఇంజన్లన్నిటికీ ఒకేసారి కొనకండి. ఒక్కదానితో చెయ్యి తిరగనివ్వండి.

మా ఇంజన్లలో ఒకటి కొత్త రకం. పెట్టె మీద "డీసీసీ రెడీ" అని రాసి ఉంది. అంటే లోపల డీకోడర్ ఉందని కాదు, పెట్టడానికి ఎనిమిది రంధ్రాల సాకెట్టు ఉందని. పైకప్పు విప్పి, సాకెట్టులో ఉన్న ఖాళీ ప్లగ్గు తీసేసి, డీకోడరు ప్లగ్గు గుచ్చాలి. నారింజ రంగు తీగ ఒకటో నంబరు రంధ్రం వైపు రావాలి. మామూలుగా ఈ ఎనిమిది పిన్నుల ప్లగ్గు తిరగేసి పెట్టినా కాలిపోయేదేమీ ఉండదు, దీపాలు వెలగవంతే. రెండో ఇంజను పాతది, సాకెట్టు లేదు. అలాంటివాటికి తీగలు టంకం వేసి అతకాలి. ఎరుపు, నలుపు పట్టాల నుంచి కరెంటు తెచ్చేవి. నారింజ, బూడిద రంగువి మోటారుకు. తెలుపు ముందు దీపానికి, పసుపు వెనక దీపానికి, నీలం ఆ రెండు దీపాలకూ ఉమ్మడిది. మోటారు ఇంజను చట్రానికి ఎక్కడా తగలకూడదు. తగిలితే డీకోడరు అక్కడికక్కడే పోతుంది. అందుకని దాన్ని తర్వాతకు వాయిదా వేశాం. డీకోడరు లేని ఇంజనును డిజిటల్ పట్టాల మీద ఉంచకూడదు కూడా, మోటారు గీపెడుతూ వేడెక్కి పాడవుతుంది.

పట్టాల సంగతి ఇంకా ముఖ్యం. పాత సెట్టులో పట్టాలకు కరెంటిచ్చే క్లిప్పులో రేడియో గోల తగ్గించడానికి చిన్న కెపాసిటర్ ఉంటుంది. దాన్ని తీసెయ్యాలి, లేకపోతే చీటీల్లో అక్షరాలు చెరిగిపోతాయి. చెక్క కింద రెండు లావు తీగలు లాగి, అక్కడక్కడ సన్న తీగలతో పట్టాలకు కలిపితే ఏ మూలా కరెంటు నీరసించదు. పట్టాలు శుభ్రంగా ఉండాలి, దుమ్ము పడితే కబురు అందదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గుడ్డ మీద వేసి తుడవడం నా వంతు. చివరిగా నాణెం పరీక్ష. ఒక నాణెం తీసుకుని రెండు పట్టాలకూ తగిలేలా అడ్డంగా పెట్టాలి. కంట్రోలరు వెంటనే కరెంటు ఆపెయ్యాలి. చెక్క మీద నాలుగైదు చోట్ల ఇలా చూడాలి. ఎక్కడైనా ఆపకపోతే అక్కడ తీగలు చాలలేదని అర్థం, ఒకరోజు బండి పట్టాలు తప్పితే ఏదో ఒకటి కాలుతుంది.

ఈ నాణెం పరీక్ష జరుగుతున్నప్పుడే మావయ్యగారు కుర్చీలోంచి లేచి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఏమీ అనలేదు. నాలుగో చోట నాణెం పెట్టడం మావాడు మర్చిపోతే, "ఆ వంపులో చూడలేదు" అన్నారు.

కొత్త డీకోడరు ఏదైనా 3 అనే నంబరుతోనే పుడుతుంది. దాన్ని మార్చుకోవచ్చు, నాలుగంకెల నంబరు కూడా పెట్టుకోవచ్చు. ఏం పెట్టాలి అని మావాడు అడిగితే, ఆయన తడుముకోకుండా నాలుగంకెలు చెప్పారు. తొలిసారి సొంతంగా నడిపిన ఇంజనువట. ఇన్నేళ్ళ తర్వాత ఫోను నంబరు గుర్తుండదు గానీ అది గుర్తుంది.

నంబరుతో పాటు డీకోడరు లోపల బోలెడన్ని సెట్టింగులుంటాయి. వాటిని సీవీలు అంటారు, ఒక్కోదానికీ ఒక సంఖ్య. కొత్తవాళ్ళు భయపడేది వీటి దగ్గరే. నిజానికి మొదట్లో ఐదారు తెలిస్తే చాలు. ఒకటోది చిన్న నంబరు. రెండోది బండి కదలడానికి మొదట ఇచ్చే ఊపు. మూడోది వేగం ఎంత నిదానంగా పుంజుకోవాలో, నాలుగోది ఎంత నిదానంగా తగ్గాలో. ఐదోది గరిష్ఠ వేగం. చేతికొచ్చినట్టు మార్చి అంతా అయోమయమైతే, చాలా డీకోడర్లలో ఎనిమిదో దాంట్లో 8 రాస్తే పుట్టినప్పటి స్థితికి వచ్చేస్తుంది. ఈ మార్పులన్నీ విడిగా పెట్టుకున్న ఒక చిన్న పట్టా ముక్క మీద చేసుకోవాలి, లేకపోతే పట్టాల మీదున్న ఇంజన్లన్నీ మారిపోవచ్చు.

పుస్తకం ఇంగ్లీషులో ఉంది. మావయ్యగారి కోసం నేను తెలుగులో చెబుతున్నాను. మూడు, నాలుగు సెట్టింగుల దగ్గరికొచ్చేసరికి మొమెంటం అన్నమాట వచ్చింది. బడిలో ఎప్పుడో విన్న మాట గుర్తుచేసుకుని "జడత్వం" అన్నాను.

"జడత్వం కాదమ్మా, బరువు" అన్నారాయన.

ఆయన మాటే ఖాయం చేసుకున్నాం. మూడోది ఎక్కే బరువు, నాలుగోది దిగే బరువు. ఇందులో రాసే సంఖ్యను దాదాపు సెకన్లుగా లెక్కేసుకోవచ్చు. 30 రాస్తే పూర్తి వేగం నుంచి ఆగడానికి 27 సెకన్ల దాకా పడుతుంది. మావాడు ముందు రెంటిలోనూ 5 పెట్టాడు. "బల్లి" అన్నారు తాతయ్య. 15 పెట్టాడు. "తొండ" అన్నారు. 30 పెట్టి చేతి కంట్రోలరు ఆయనకే ఇచ్చాడు. మాది 128 మెట్ల వేగం. ఆయన నడిపిన డీజిలు ఇంజనుకు ఎనిమిది నాచ్‌లే. ఆయన బొటనవేలితో గుండీని కొంచెం జరిపి ఆపారు, ఇంకొంచెం జరిపి ఆపారు, నాచ్ నాచ్‌గా. ఇంజను కదిలిందో లేదో తెలియనంత మెల్లగా కదిలింది. నాలుగు డబ్బాల కొక్కేలు ఒకదాని తర్వాత ఒకటి బిగుసుకోవడం కనిపించింది.

"ఇప్పుడు లాగుతోంది" అన్నారు.

ఆ తర్వాత వారం రోజులు ఇద్దరికీ అదే పని. మా వారు తన పాత ఫోనును రెండో కంట్రోలరుగా కలిపారు. ఒక ఆదివారం మావాడు ఒక్కడే నడుపుతూ, పక్క పట్టా మీద నిలబెట్టిన డబ్బా దగ్గర ఆపబోయాడు. వేగం సున్నాకి తిప్పినా బండి వెళ్ళిపోయి డబ్బాను గుద్దింది.

"తాతయ్యా, ఇది పాడైంది. నేను స్టాప్ చేశాను, ఆగట్లేదు."

"పాడవ్వలేదురా. బండంటే అంతే. బ్రేకు వేసినా ఆగదు. ముందునుంచే ఆపుకుంటూ రావాలి."

"మరి ముందు ఎవరైనా ఉంటే?"

పిల్లలు అడిగే మామూలు ప్రశ్నే. ఆయన చాలాసేపు పలకలేదు. మా వారు ఫోను చూసుకుంటూ గుమ్మంలో ఉన్నారు. నేను పట్టాలు తుడిచే గుడ్డతో నిలబడ్డాను.

"నడికుడి లైన్లో ఒకసారి ఉన్నారు" అన్నారు. "సిమెంటు లోడు. తెల్లవారుజాము. వంపు తిరిగేసరికి పట్టాల మధ్య మనిషి నడిచి వెళ్తున్నాడు, మాకు వీపు పెట్టి. హారను కొట్టాను. ఎమర్జెన్సీ బ్రేకు వేశాను. ఆ తర్వాత చెయ్యడానికి ఏమీ ఉండదురా. హారను మీద చెయ్యి పెట్టుకుని చూస్తూ కూర్చోవాలి, బండి ఆగేదాకా."

మావాడికి లోడు, వంపు అర్థం కాలేదు. నేను ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టి, "చూస్తూ కూర్చోవాలి" దగ్గర కొంచెం ఆగి, మళ్ళీ చెప్పాను. మా వారు ఫోను జేబులో పెట్టేసుకున్నారు. ఈ సంగతి ఆయన వినడం అదే మొదలు. "అమ్మకు తెలుసా నాన్నా?" అని అడిగారు. "చెప్పలేదు" అన్నారు మావయ్యగారు. మర్నాడు మళ్ళీ అదే లైన్లో డ్యూటీకి వెళ్ళారట. క్యారేజీ కట్టి పంపింది అత్తయ్యగారే.

మావాడు ఓదార్పు మాటలు తెలిసినవాడు కాదు. "ఎంత దూరంలో ఆగింది?" అన్నాడు.

"ఎనిమిది వందల మీటర్లు. రిపోర్టులో రాశాను."

వాడు కాగితం మీద 76తో భాగించాడు. పదిన్నర మీటర్లు వచ్చింది. మా చెక్క మీద ఒక చుట్టు నాలుగు మీటర్ల పైచిలుకు, అంటే రెండున్నర చుట్లు. వాడు నాలుగో సెట్టింగును మార్చి మార్చి చూశాడు. గూడ్సు వేగంలో బండి వెళ్తుండగా ఆపితే, సరిగ్గా రెండున్నర చుట్లు తిరిగి ఆగేలా కుదిరింది. చివరిసారి ఆపే ముందు తాతయ్య వైపు చూశాడు. ఆయన తలూపారు. వాడు సున్నాకి తిప్పి, కంట్రోలరు చెక్క మీద పెట్టేశాడు.

నిమిషంన్నర పట్టింది. నేను రోజూ అన్నం వార్చే దాన్ని, పాలు పొంగేదాకా నిలబడే దాన్ని, నిమిషంన్నర అంటే ఎంతో నాకు బాగా తెలుసనుకుంటాను. బండి ఒక చుట్టు తిరిగింది, ఏమీ తగ్గినట్టు అనిపించలేదు. రెండో చుట్టులో కొంచెం మెల్లబడింది. ఎవ్వరం మాట్లాడలేదు. చివరి సగం చుట్టు అయితే చేత్తో పట్టుకుని ఆపెయ్యాలనిపించింది. ఆగాక మావాడు, "ఇంతసేపా తాతయ్యా" అన్నాడు, గొంతు తగ్గించి.

"అంతేరా" అన్నారాయన.

ఆ రాత్రి తండ్రీ కొడుకులిద్దరూ చాలాసేపు వంటింటి బల్ల దగ్గర కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. మర్నాడు నాలుగో సెట్టింగును తిరిగి 30కి మార్చింది మావయ్యగారే, బొత్తాలు ఎలా నొక్కాలో మనవడిని అడిగి తెలుసుకుని.

తర్వాతి మూడు నెలల్లో కిటికీ దగ్గర కుర్చీ పక్కగదిలోకి వచ్చేసింది. రెండో ఇంజనుకు మా వారే టంకం వేశారు, మావయ్యగారు దీపం పట్టుకున్నారు. ఒకరి గూడ్సు లూపు లైన్లో ఆగితే ఇంకొకరి పాసింజరు దాటుకుని వెళ్ళేది. మావాడికి లూపు, నాచ్, లోడు, క్రాసింగు అన్నీ విజయవాడ యాసలో వచ్చేశాయి. వాడికి తెలుగు నేర్పాలని కొన్న వాచకాలు అలమరాలో అలాగే ఉన్నాయి.

ఈ సరదా మొదలుపెట్టే ఉద్దేశం ఉంటే మీక్కూడా నేను చెప్పేది ఇదే. దీపాలు వెలగడం, రెండు బళ్ళు నడవడం బాగానే ఉంటాయి. కానీ డీకోడరు పెట్టిన రోజే మూడోది, నాలుగోది మార్చి చూడండి. వాటికి పైసా ఖర్చు లేదు. బరువు లేని బండిని ఎవరైనా పది నిమిషాలు తిప్పి వదిలేస్తారు. బరువున్న బండికి ముందు చూపు కావాలి, నడిపేవాడు అక్కడ ఉండాలి.

మావయ్యగారు మార్చిలో వెళ్ళిపోయారు. మావాడి పుట్టినరోజుకు శబ్దం వచ్చే డీకోడరు కావాలన్నాడు. అందులో ఇంజను గురగురతో పాటు హారను కూడా ఉంటుంది. మా వారూ నేనూ మొహాలు చూసుకున్నాం. వాడే విజయవాడకు ఫోను చేసి, కొనుక్కోనా అని అడిగాడు.

"కొనుక్కో. కాని హారను ఎక్కడ కొట్టాలో ముందు బోర్డు పెట్టుకో" అన్నారాయన. లెవెల్ క్రాసింగుకు ఎంత ముందు పెట్టాలో, పసుపు మీద నల్లటి అక్షరాలు ఏం రాయాలో కూడా చెప్పారు.

ఇప్పుడు మా చెక్క మీద గేటుకు అటొకటి ఇటొకటి, అగ్గిపుల్లలకు అతికించిన రెండు పసుపు అట్టముక్కలున్నాయి. డబ్ల్యూ, ఎల్ అని రాసి ఉంటుంది. డీకోడరు ఇంకా రాలేదు. బండి ఆ బోర్డు దగ్గరికి రాగానే మావాడు ప్రస్తుతానికి నోటితోనే హారను కొడుతున్నాడు, పక్కింటివాళ్ళు ఏమనుకున్నా సరే, ఒక్కసారి కూడా మానకుండా.